దీర్ఘవ్యాధులకు కరుణాధార బృంద చికిత్స: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం

నయం కాని జబ్బుతోనో, నయం కావడానికి ఏళ్లు పట్టే జబ్బుతోనో బతుకుతున్న కొద్దిమందిని ఒకచోట కూర్చోబెట్టి, ఆ జబ్బు తెచ్చిపెట్టిన సిగ్గునూ, తమను తాము తిట్టుకునే అలవాటునూ తగ్గించే మానసిక చికిత్సను కరుణాధార బృంద చికిత్స అంటారు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, కీళ్లవాతం, హెచ్‌ఐవీ, క్యాన్సర్, మూర్ఛ, ఏళ్ల తరబడి వదలని నడుం నొప్పి దీని పరిధిలోకి వస్తాయి. మందు మానేసి దీనికి రమ్మని ఎవరూ చెప్పరు. మందు రోజూ వేసుకోవాలంటే మనిషికి మనసు రావాలి. ఆ మనసు దగ్గరే దీని పని.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ పాత అనంతపురం జిల్లా పట్టణాలు. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ధర్మవరంలో పట్టుమగ్గం, హిందూపురంలో బెంగళూరు రైలు, పెనుకొండలో బాబయ్య దర్గా. ఈ సీమలో జబ్బు ఎక్కడ పుడుతుందో, జబ్బుపడ్డవాళ్లు ఎక్కడెక్కడికి పోతారో తెలుసుకోవడానికి ఈ మూడూ చాలు. వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బోరు ఎంత లోతుకు దిగితే ఫ్లోరైడ్ భయం అంత. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం పాత అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు మంచినీళ్లు తెచ్చింది. అయితే అప్పటికే ఫ్లోరైడ్ వల్ల బిగుసుకుపోయిన కీళ్లను, వంగిన వెన్నును నీళ్లు సరిచేయలేవు. దీర్ఘవ్యాధి అంటే ఇదే: కారణం తొలగినా బాధ ఉండిపోవచ్చు.

మాట దగ్గరి చిక్కు

ఈ చికిత్సను తెలుగులో చెప్పబోతే మొదటి అడుగులోనే కాలికి రాయి తగులుతుంది. మన భాషలో కరుణ పైనుంచి కిందికి పారే నీరు. దేవుడు భక్తుణ్ని కరుణిస్తాడు, దొర బంటును కరుణిస్తాడు. కనికరం ఇతరుల్ని అడిగి తెచ్చుకునేది. జాలిలో చిన్నచూపు కలిసి ఉంటుంది, అందుకే "నా మీద జాలి చూపకండి" అంటాం. ఈ మాటల్లో ఏదీ తనవైపు తిరగదు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు వాడే "ఆత్మకరుణ" అన్న మాట వింటే, మూల కూర్చుని తనను చూసి తాను ఏడ్చుకోవడం అనుకునేవారే ఎక్కువ.

తనను తాను నిందించుకునే మాటలకు మాత్రం కరువు లేదు. నా ఖర్మ, నా రాత, ఏ జన్మలో చేసుకున్న పాపమో, ఇంటికి బరువైపోయినా. కుష్ఠుకు పెట్టిన పేరే పెద్దరోగం. ఒళ్లూ మనసూ ఒకేసారి విసిగిపోతే రాయలసీమలో "యాష్టకొచ్చింది" అంటారు. లోలోపల తొలిచే దిగులు "మనేద". ఈ రెండు మాటలూ వైద్యుల ప్రశ్నపత్రాల్లో కనిపించవు కానీ, నా లెక్కలో, దీర్ఘరోగి స్థితిని "డిప్రెషన్" కంటే దగ్గరగా పట్టుకుంటాయి.

ఈ చికిత్సలో అందరికీ తెలిసిన అభ్యాసం ఒకటుంది. ఇదే కష్టం నీ స్నేహితుడికి వస్తే అతనితో ఏమంటావు, నీతో నువ్వు ఏమంటున్నావు అని అడుగుతారు. ఇక్కడ స్నేహితుడి బదులు చెల్లెల్ని పెడితే ప్రశ్న సూటిగా తగులుతుంది. "షుగరొచ్చిన చెల్లెలు కాలికి పుండు పడిందని వస్తే, నీ ఖర్మ అంటావా అమ్మా?" ఆత్మకరుణ అనే మాట నోటికి రాకుండానే ఆ పని జరిగిపోతుంది.

ఎక్కడి నుంచి వచ్చింది

రోగుల్ని గుంపుగా కూర్చోబెట్టి మనసుకు ధైర్యం చెప్పే పద్ధతి క్షయతోనే మొదలైంది. 1905లో బోస్టన్ నగరంలో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు, శానటోరియానికి వెళ్లే స్తోమత లేని పేద క్షయరోగులకు వారానికోసారి "తరగతి" పెట్టాడు. ఖర్చు భరించింది ఒక చర్చి. రోగులు ఇంటి దగ్గర రోజూ ఏం తిన్నారో, ఎంతసేపు విశ్రాంతి తీసుకున్నారో పుస్తకంలో రాసుకుని రావాలి. తరగతిలో బరువు చూసుకుంటారు, పెరిగినవాళ్లు ఎలా పెరిగారో మిగతావాళ్లకు చెబుతారు. ప్రాట్ ఉద్దేశం ఆరోగ్య పాఠం చెప్పడమే. అయితే పాఠం కంటే పక్కన కూర్చున్న మనిషి ఎక్కువ పనిచేస్తున్నాడని అతను పోనుపోను గమనించాడు. బృంద చికిత్స చరిత్ర రాసేవాళ్లు ఆ తరగతితోనే మొదలుపెడతారు.

రాయలసీమకూ ఈ చరిత్రలో ఒక చిన్న గది ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం తెరుచుకుంది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానిని నడిపించాడు. నెలల తరబడి ఒకే జబ్బువాళ్లు ఒకే వరండాలో పడుకునేవారు. దానిని ఎవరూ చికిత్స అనలేదు కానీ, దగ్గితే మొహం తిప్పుకోని మనుషులు అక్కడ ఉన్నారు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇంటి దగ్గర మందులు వేసుకున్నా శానటోరియంలో ఉన్నంత ఫలితమే వస్తుందని తేల్చింది. వైద్యానికి అది గొప్ప మలుపు, లక్షలమందికి మేలు. ఆ మలుపులో వరండా మాత్రం పోయింది. మందు ఇంటికొచ్చింది, రోగి ఒంటరివాడయ్యాడు. మధుమేహానికీ బీపీకీ మనం ఇప్పుడు చేస్తున్నది ఆ ఇంటి వైద్యమే.

తర్వాతి కథ క్లుప్తంగా. 1970లో అమెరికా మనోవైద్యుడు ఇర్విన్ యాలమ్ బృంద చికిత్స ఎందుకు పనిచేస్తుందో వివరిస్తూ పెద్ద పుస్తకం రాశాడు. "ఈ బాధ నా ఒక్కడిదే కాదు" అనే ఎరుక ఆ కారణాల్లో ఒకటి. 1979లో జాన్ కబాట్ జిన్ మసాచుసెట్స్‌లో, నొప్పి తగ్గక వైద్యులు చేతులెత్తేసిన రోగులకు ధ్యానం నేర్పడం మొదలుపెట్టాడు. ఇంగ్లండ్‌లో డెర్బీకి చెందిన పాల్ గిల్బర్ట్, తమను తాము అదేపనిగా తిట్టుకునే రోగుల కోసం కరుణ కేంద్రంగా ఒక చికిత్సను రూపొందించాడు. వాళ్లకు హేతుబద్ధమైన జవాబు తెలుసు, ఆ జవాబును తమతో తాము చెప్పుకునే గొంతు మాత్రం కటువుగా ఉంటుందని అతను కనిపెట్టాడు. 2003లో క్రిస్టిన్ నెఫ్ ఆత్మకరుణను కొలిచే ప్రశ్నావళి తయారుచేసింది. ఆ తర్వాత క్రిస్టఫర్ గెర్మర్‌తో కలిసి ఎనిమిది వారాల శిక్షణ రూపొందించింది. వీటన్నిటి వెనక బౌద్ధుల మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష ఉన్నాయి. ఇంటి సరుకే విదేశీ సీసాలో తిరిగొచ్చిందనేవాళ్లు ఉన్నారు. సగం నిజం. మైత్రీభావన పాతదే. దానిని మధుమేహ రోగికి ఎన్ని వారాలు, ఏ వరసలో నేర్పాలో, ఫలితాన్ని రక్తపరీక్షతో ఎలా సరిచూసుకోవాలో అన్నది కొత్తది.

సిగ్గు ఒంటిని ఎలా పట్టుకుంటుంది

గిల్బర్ట్ లెక్క ప్రకారం మనసును నడిపే ఏర్పాట్లు మూడు. ప్రమాదాన్ని పసిగట్టి భయపెట్టేది ఒకటి. కావలసినదాని వెంట పరుగెత్తించేది రెండోది. అమ్మ ఒడిలో బిడ్డకు కలిగే నెమ్మదిని ఇచ్చేది మూడోది. దీర్ఘరోగిలో మొదటిది ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. రెండోది అలిసిపోయి ఉంటుంది, పని చేయలేకపోతున్నాననే బాధ అక్కడిదే. మూడోది చాలామందిలో వాడక తుప్పు పట్టి ఉంటుంది. దానిని మళ్లీ వాడుకలోకి తేవడమే ఈ చికిత్స ఉద్దేశం.

షుగర్ రోగిని తీసుకుందాం. పొద్దున సంగటి, రాత్రి రేషన్ బియ్యపు అన్నం. పరీక్ష చేయిస్తే మూడు నెలల చక్కెర సరాసరి ఎక్కువ వస్తుంది. "మళ్లీ అన్నం తిన్నావా?" అని గద్దింపు. తలదించుకుని బయటికొస్తాడు. వచ్చే నెల పరీక్షకు పోడు, పోతే మళ్లీ తిట్లు. పోకపోతే మందు మోతాదు మారదు, షుగర్ ఇంకా పెరుగుతుంది, ఆ సంగతి లోపల తెలుస్తూనే ఉంటుంది, దిగులుకు ఇంకాస్త తింటాడు. భయంలో ఒళ్లు విడుదల చేసే కార్టిసాల్ కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. అంటే సిగ్గు రెండు దారుల్లో పనిచేస్తుంది: ఆస్పత్రికి పోనివ్వదు, పోకముందే నెత్తుటిలో చేరుతుంది.

ధర్మవరం నేతగాడి కథ వేరు. గుంత మగ్గంలో కాళ్లు, వంగిన నడుము, సన్నని జరీ మీద కళ్లు, ఏళ్లకేళ్లు అదే కూర్చోడం. నొప్పి వచ్చాక నేత తగ్గుతుంది, నేత తగ్గితే కూలి తగ్గుతుంది, అప్పు పెరుగుతుంది. కండెలు చుట్టే భార్య మీదా, పిల్లల మీదా ఆ బరువు పడుతుంది. నొప్పికంటే "నా వల్లే" అన్న మాట అతణ్ని ఎక్కువ కుంగదీస్తుంది. అప్పు తీర్చడం ఏ చికిత్సకూ చేతకాదు. తన ఒళ్లు ద్రోహం చేసిందన్న కోపాన్ని తగ్గిస్తే, నడుముకు వ్యాయామం చేయడానికీ, గంటకోసారి మగ్గం దిగడానికీ మనసు ఒప్పుకుంటుంది.

కూటం ఎలా జరుగుతుంది

ఆరుగురి నుంచి పన్నెండుమంది దాకా కూర్చుంటారు. వారానికోసారి, గంటన్నర రెండు గంటలు, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలన్నది మొదటి కట్టుబాటు. మొదటి వారాల్లో జబ్బు, భయం, మెదడు గురించి మాట్లాడతారు. మనిషి మెదడు కీడు శంకించేలా తయారైందనీ, అది ఎవరి తప్పూ కాదనీ, దానిని సంభాళించుకునే పని మాత్రం మనదేననీ చెబుతారు. తర్వాత శ్వాస. నిమిషానికి ఐదారుసార్లు పీల్చి వదిలేంత నెమ్మదిగా. ఊపిరి నెమ్మదించినప్పుడు గుండె వేగం తగ్గుతుంది, ఒంట్లో నెమ్మదిని కలిగించే నరాల వ్యవస్థ ముందుకొస్తుంది.

ఆ పైన ఊహలు. తనను ఎప్పుడూ తప్పుపట్టని ఒక మనిషిని తలుచుకోమంటారు. చాలామందికి అవ్వ గుర్తొస్తుంది. ఆ అవ్వ చూసే చూపుతో తన వాచిన కాలును తాను చూడాలి. మరో వారం ఉత్తరం. తన కష్టం తెలిసిన ఆప్తులు రాసినట్టు తనకు తానే ఉత్తరం రాసుకోవాలి. ఉత్తరాలు రాసి ఎరిగిన తరం పెద్దలకు ఇది బాగా నప్పుతుంది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, క్షేమసమాచారాలు అడిగి, ఆ తర్వాతే సంగతికి రావడం వాళ్లకు అలవాటు. తన క్షేమం తానే అడగడం కొత్త. చదువు రానివాళ్లు నోటితో చెబితే సరిపోతుంది.

కొందరికి మంచిమాట వింటేనే ఏడుపు ముంచుకొస్తుంది, కోపమూ వస్తుంది. తిమ్మిరెక్కిన కాలును కదిలిస్తే మొదట సూదులు పొడిచినట్టు ఉంటుంది కదా, ఇదీ అంతే. ఆప్యాయతకు భయపడేవాళ్లు ఉంటారని గిల్బర్ట్ 2011లో ప్రత్యేక ప్రశ్నావళే తయారుచేశాడు. చిన్ననాడు దెబ్బలు తిన్నవారికి, ఆత్మహత్య ఆలోచనలున్నవారికి ముందు విడిగా వైద్యం కావాలి. అలాంటివాళ్లు మాట్లాడడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416 నంబరు మీద 2022 అక్టోబరు 10 నుంచి పనిచేస్తోంది.

రుజువులు

2016లో న్యూజిలాండ్ పరిశోధకులు 63 మంది మధుమేహ రోగులను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి ఎనిమిది వారాల ఆత్మకరుణ శిక్షణ ఇచ్చారు. వారిలో కుంగుబాటు తగ్గింది. శిక్షణ ముగిసిన మూడు నెలలకు చూస్తే, చక్కెర సరాసరిని చూపే హెచ్‌బీఏ1సీ దాదాపు 1 శాతం దిగింది. ఈ రంగంలో ఎక్కువగా ఉటంకించే అధ్యయనాల్లో ఇదొకటి. అంత తేడా ఒక మందుబిళ్ల తెచ్చే తేడాతో సమానం. 63 మంది లెక్క చిన్నదన్న మాటా మరవకూడదు. 2005లో అమెరికాలో నడుంనొప్పి రోగులు 43 మందితో మైత్రీభావన ప్రయోగం జరిగింది, నొప్పీ కోపమూ తగ్గాయి. స్పెయిన్‌లోని జరగోజాలో ఒళ్లంతా నొప్పులతో బాధపడే ఫైబ్రోమయాల్జియా రోగులకు ఇలాంటి చికిత్స మేలు చేసింది. 2017లో 21 ప్రయోగాలను కలిపి లెక్కగట్టిన సమీక్షలో మధ్యస్థాయి ప్రయోజనం తేలింది.

ఆశ హద్దు దాటితే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. 1989లో డేవిడ్ స్పీగెల్ బృందం, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది స్త్రీలపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. ఏడాదిపాటు వారం వారం కలిసి కూర్చున్నవారు సగటున 36.6 నెలలు, మిగతావారు 18.9 నెలలు బతికారు. ప్రపంచం ఉలిక్కిపడింది. 2001లో కెనడాలో 235 మందితో మళ్లీ చేస్తే ఆయుష్షు పెరగలేదు. దిగులూ నొప్పీ మాత్రం తగ్గాయి. ధ్యానంతో క్యాన్సర్ పోతుందని అమ్మేవాళ్లు మొదటి అధ్యయనాన్నే చెబుతారు, రెండోదాన్ని దాచేస్తారు.

తెలుగునేలకు దగ్గరి రుజువు వేరే దారిలో వచ్చింది. మధుమేహమూ కుంగుబాటూ రెండూ ఉన్న 404 మందితో విశాఖపట్నం, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ క్లినిక్కుల్లో జరిగిన ప్రయోగం ఫలితాలు 2020లో వెలువడ్డాయి. రెంటికీ కలిపి వైద్యం చేస్తూ, మధ్యలో ఒక ఆరోగ్య సహాయకుడు రోగిని పలకరిస్తూ ఉంటే, మనసూ చక్కెరా రెండూ మెరుగుపడ్డాయి. అది కరుణ చికిత్స కాదు, బృంద చికిత్స కూడా కాదు. మనసును పక్కనబెట్టి షుగర్‌కు వైద్యం చేయడం సగం పనేనని మాత్రం అది మన వైద్యులకు మన రోగులతోనే చూపించింది.

ఈ సీమలో కలిసి కూర్చునే చోట్లు

కరుణ చికిత్సకు కావలసిన సరంజామాలో కష్టమైనది గుంపు. అది ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, ఊరూరా మహిళల, వికలాంగుల సంఘాలు కట్టింది. ధర్మవరానికి చేరువలో బత్తలపల్లిలో ట్రస్టు ఆస్పత్రి ఉంది. హెచ్‌ఐవీకి, అంటువ్యాధులకు అక్కడ ప్రత్యేక వైద్యం దొరుకుతుంది. అక్కడి వైద్యులు తమ రోగుల వివరాలతో నడిపిన విన్సెంట్ ఫెర్రర్ హెచ్‌ఐవీ అధ్యయనం అంతర్జాతీయ వైద్యపత్రికల్లోకి ఎక్కింది. వాళ్లు తవ్వి చూసిన ప్రశ్నల్లో ఒకటి, రోగులు వ్యాధి ముదిరాక ఆలస్యంగా ఎందుకు వస్తున్నారన్నది. ఆ ఆలస్యంలో దూరం, డబ్బు ఎంత ఉన్నాయో సిగ్గూ అంత ఉంటుందని హెచ్‌ఐవీ వైద్యులు ఎక్కడివాళ్లయినా చెబుతారు.

హిందూపురానికి వాయవ్యంగా పావగడ ఉంది. కర్ణాటకలో ఉన్నా మూడువైపులా ఆంధ్ర చుట్టుకున్న, తెలుగు బాగా వినిపించే తాలూకా. అక్కడ స్వామి జపానంద నడిపే వివేకానంద గ్రామీణ ఆరోగ్య కేంద్రం కుష్ఠు, క్షయ రోగులకు సేవ చేస్తోంది. పెద్దరోగమన్న ముద్ర పడినవాళ్లతో ఒకే చాప మీద కూర్చోవడమే అక్కడ సగం వైద్యం. పెనుకొండకు ఉత్తరాన చెన్నేకొత్తపల్లి వైపు 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ మహిళల పొదుపు సహకార సంఘాల్ని నిలబెట్టింది.

మానసిక వైద్యానికి హిందూపురం మనిషి బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థకు రైలెక్కడం మామూలే. ఆ నిమ్హాన్సే 1980ల మధ్యలో, పాత అనంతపురానికి పక్కజిల్లా బళ్లారిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి మానసిక వైద్యం నేర్పి చూసింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది ఆ నమూనాతోనే.

పెనుకొండలో బాబయ్య దర్గా ఉంది. హిందువులూ ముస్లింలూ ఇద్దరూ వెళతారు. దర్గాను మూఢనమ్మకమని కొట్టిపారేసే వైద్యులకు గుజరాత్ ఒక జవాబు చూపింది. అక్కడి మీరాదాతార్ దర్గాలో 2008 నుంచి దువా (ప్రార్థన)తోపాటు దవా (మందు) కూడా అందేలా ముజావర్లకు శిక్షణ ఇచ్చారు. మొక్కుబడికి వచ్చిన మనిషిని అక్కడ ఎవరూ "నువ్వే తెచ్చుకున్నావు" అనరు. ఆస్పత్రి నేర్చుకోదగ్గది అదే.

అమలులో చిక్కులు

ఎనిమిది వారాలు వరసగా రమ్మంటే ఇక్కడ కుదరదు. వాన పడితే వేరుశనగ విత్తాలి, పంట వస్తే కాయ పీకాలి, పంట రాకపోతే బెంగళూరు పోవాలి. ఒకపూట కూటం అంటే ఒకపూట కూలి. మందులిచ్చే రోజే కూటం పెడితే కొంత నయం. ఆడా మగా కలిపి కూర్చోబెడితే, మామ వరసవాళ్లు ఎదురుంటే కోడలు నోరు విప్పదు. కులం చాప మీద కూడా కూర్చుంటుంది. నిర్వాహకులు దాన్ని చూడనట్టు నటిస్తే రెండో వారానికి కొందరు రావడం మానేస్తారు. హెచ్‌ఐవీ బృందానికి గది తలుపు మీద బోర్డు పెట్టడమంత పొరపాటు మరొకటి లేదు. చిన్న ఊళ్లో ఎవరు ఏ గదిలోకి పోయారో సాయంత్రానికి అంగడి దాకా తెలుస్తుంది.

హిందూపురంలో ఒక బృందంలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపించవచ్చు. నిర్వాహకురాలు "సామీ" అని ఒకరిని, "అక్కా" అని మరొకరిని, "చాచా" అని ఇంకొకరిని పిలవగలిగితే అరగంట ఆదా అవుతుంది. ఆశా కార్యకర్త, నర్సు, సంఘం నాయకురాలు తగిన శిక్షణతో ఈ పని చేయగలరని గోవాలో జరిగిన మానసిక ఆరోగ్య ప్రయోగాల నుంచి పశ్చిమ గోదావరిలో ఆశాలతో జరిగిన ప్రాజెక్టు దాకా అనుభవం చెబుతోంది. వాళ్లకు వెనక ఒక మనోవైద్యుడు ఉండాలి, వాళ్ల అలసటను వినేవాళ్లు కూడా ఉండాలి. రోజంతా కష్టాలు విని ఇంటికెళ్లి తన షుగర్ మందు మరిచిపోయే ఆశా కార్యకర్త కూడా దీర్ఘరోగే.

పుస్తకాల్లో ఈ చికిత్స ఎనిమిదో వారంతోనో పన్నెండో వారంతోనో ముగుస్తుంది. ఆఖరి రోజున ఒకరికొకరు శుభం పలికి విడిపోతారు. ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల పొదుపు సంఘాలకు అలాంటి ఆఖరి రోజు ఉండదు. ముప్పై ఏళ్లుగా అదే పదిమంది, అదే చెట్టుకింద, అదే పుస్తకంలో వేలిముద్రలూ సంతకాలూ పెడుతూ వస్తున్న గుంపులు ఉన్నాయి. ఒకామె మోకాళ్లు పడిపోయి రాలేకపోతే, ఆ నెల పుస్తకం ఆమె ఇంటికే పోతుంది.